గోలీలాట గొడవ.. ముగ్గురి ప్రాణాలు బలి.. అమెరికాను నిలదీసిన ఐడా బి. వెల్స్ కథ ఇదీ

ఇద్దరు పిల్లలు గోలీలాడుకుంటూ గొడవపడ్డారు. ఒకడు నల్లపిల్లాడు, ఇంకొకడు తెల్లపిల్లాడు. ఏ ఊళ్లో అయినా పొద్దుగూకేసరికి మర్చిపోయే గొడవే. కానీ 1892 మార్చిలో అమెరికాలోని మెంఫిస్ నగరంలో అలా జరగలేదు. పిల్లల గొడవలోకి పెద్దలు దిగారు. పెద్దల గొడవ తుపాకుల దాకా వెళ్లింది. వారం తిరిగేసరికి ముగ్గురు నల్లజాతి వ్యాపారులు శవాలయ్యారు.

ఆ ముగ్గురిలో ఒకరు ఓ యువ జర్నలిస్టుకు ప్రాణస్నేహితుడు. ఆయన కూతురికి ఆమె గాడ్‌మదర్. స్నేహితుడి చావు వార్త విన్న ఆ 29 ఏళ్ల అమ్మాయి అక్కడితో ఏడ్చి ఊరుకోలేదు. ఒక లెక్క మొదలుపెట్టింది. ఎవర్ని చంపారు? ఎక్కడ చంపారు? ఏ నేరం అంటగట్టారు? అది నిజమా, అబద్ధమా? ఆ లెక్కే అమెరికాను ప్రపంచం ముందు దోషిగా నిలబెట్టింది.

ఆమె పేరు ఐడా బి. వెల్స్. ఫోన్ కెమెరాలు, వీడియోలు లేని రోజుల్లో చేతిలో ఒక నోట్‌బుక్కుతో జాతి వివక్షపై పోరాడిన ఆమె జీవితం ఎలా సాగిందో చూద్దాం.

16 ఏళ్లకే ఇంటి పెద్ద

ఐడా 1862 జులై 16న మిసిసిపి రాష్ట్రంలోని హోలీ స్ప్రింగ్స్‌లో పుట్టారు. అమ్మానాన్న ఇద్దరూ బానిసలు. పుట్టుకతో ఆమె కూడా బానిసే. తండ్రి జేమ్స్ వడ్రంగి, తల్లి ఎలిజబెత్ వంటమనిషి. కొన్నేళ్లకు అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం పోయింది. స్వేచ్ఛ రాగానే ఆ దంపతులు చేసిన మొదటి పనుల్లో పిల్లల్ని బడికి పంపడం ఒకటి. తల్లి కూడా పిల్లలతో పాటు బడికెళ్లి బైబిల్ చదవడం నేర్చుకున్నారు.

1878లో ఊరి మీద ఎల్లో ఫీవర్ విరుచుకుపడింది. అప్పుడు ఐడా నానమ్మగారి ఊళ్లో ఉన్నారు. తల్లి, తండ్రి, పసివాడైన తమ్ముడు పోయారన్న కబురు అక్కడికే వచ్చింది. అప్పటికి ఆమె వయసు 16.

తండ్రి స్నేహితులు, పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. మిగిలిన పిల్లల్ని తలా ఒక ఇంటికి పంచేద్దామన్నారు. నడవలేని చెల్లెల్ని మాత్రం తీసుకునేవాళ్లు దొరకలేదు. ఆ పిల్లను అనాథలుండే ఆశ్రమానికి పంపాలని తేల్చారు. ఐడా అడ్డం తిరిగారు. ఎవర్నీ ఎక్కడికీ పంపేది లేదని, ఉద్యోగం చూపిస్తే అందరినీ తానే సాకుతానని చెప్పేశారు.

వయసు పెద్దగా కనిపించాలని గౌను అంచు కిందికి దించుకున్నారు. పరీక్ష రాసి, ఆరు మైళ్ల అవతల ఉన్న పల్లెబడిలో టీచరుగా చేరారు. జీతం నెలకు 25 డాలర్లు. వారమంతా పాఠాలు చెప్పి, శుక్రవారం సాయంత్రం కంచరగాడిద ఎక్కి ఇంటికి రావడం.. శని, ఆదివారాలు బట్టలు ఉతికి, వంట చేసి, చెల్లెళ్లనూ తమ్ముళ్లనూ చూసుకుని మళ్లీ బడికి వెళ్లడం. ఇదీ ఆమె టీనేజ్.

రైల్లో జరిగిన అవమానం

తర్వాత కొన్నాళ్లకు మకాం మెంఫిస్‌కు మారింది. అక్కడా టీచరు ఉద్యోగమే. ఒకరోజు ఫస్ట్ క్లాస్ టికెట్ కొని రైల్లో మహిళల బోగీలో కూర్చున్నారు. కండక్టర్ వచ్చి లేవమన్నాడు. పొగతాగేవాళ్ల బోగీలోకి వెళ్లి కూర్చోమన్నాడు. కారణం ఆమె ఒంటి రంగు. టికెట్ ఉంది కాబట్టి కదలనన్నారు ఐడా. చెయ్యి పట్టి లాగబోతే, అతని చేతిని గట్టిగా కొరికేశారు! చివరికి ఇంకో ఇద్దరు సాయం వస్తే గానీ ఆమెను బోగీ నుంచి ఈడ్చలేకపోయారు. ఆ సీన్ చూసి తోటి ప్రయాణికులు చప్పట్లు కొట్టారు.

ఐడా రైల్వే కంపెనీ మీద కేసు వేశారు. 1884లో కింది కోర్టు 500 డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. కట్ చేస్తే.. 1887లో టెన్నెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పైగా కోర్టు ఖర్చులు కూడా ఆమే కట్టాలంది. చట్టం మీద పెట్టుకున్న నమ్మకానికి తగిలిన పెద్ద దెబ్బ అది.

కానీ ఆ కేసు ఆమెకు ఇంకో దారి చూపించింది. ఈ అనుభవాన్ని ఓ చర్చి పత్రికకు రాశారు. జనం ఆసక్తిగా చదివారు. అయోలా అనే కలం పేరుతో ఆమె రాతలు నల్లజాతి పత్రికల్లో వరసగా రావడం మొదలైంది. 1889లో మెంఫిస్‌లోని ఫ్రీ స్పీచ్ పత్రికలో వాటా కొని ఎడిటర్ అయ్యారు. చదువురాని వాళ్లు ఈ పత్రిక కొని, చదువొచ్చిన వాళ్లతో చదివించుకునేవాళ్లు. అమ్మేవాళ్లు వేరే పేపర్ అంటగట్టి మోసం చేస్తున్నారని తెలిసి, గుర్తుపట్టడానికి వీలుగా గులాబీరంగు కాగితం మీద అచ్చు వేయించారు.

1891లో నల్లజాతి పిల్లల బడులు ఎంత అధ్వానంగా ఉన్నాయో తన పత్రికలో రాశారు. ఫలితం? టీచరు ఉద్యోగం ఊడింది. ఎవరి పిల్లల కోసం రాశారో ఆ తల్లిదండ్రుల్లో కొందరు కూడా ఆమె తొందరపడ్డారని అన్నారు. అది ఆమెను బాగా బాధపెట్టింది. అయినా రాయడం ఆగలేదు.

అసలు ఆ కిరాణా కొట్టు దగ్గర ఏం జరిగింది?

మెంఫిస్‌లో కర్వ్ అనే పేటలో తెల్లవాడైన బారెట్‌కు ఓ కిరాణా కొట్టు ఉండేది. ఆ పేటలో వ్యాపారమంతా అతనిదే. కొన్నాళ్లకు ఎదురుగా పీపుల్స్ గ్రోసరీ అని ఇంకో కొట్టు వచ్చింది. నల్లజాతి వాళ్లు కొందరు తలా కాస్త పెట్టుబడి పెట్టి తెరిచిన కొట్టు అది. వాళ్లలో ముఖ్యుడు థామస్ మాస్. పగలు పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం, రాత్రి కొట్టు పని. భార్య, చిన్న కూతురు ఉన్నారు. భార్య అప్పుడు గర్భవతి. కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టీవర్ట్ కొట్టు చూసుకునేవాళ్లు.

బేరాలు కొత్త కొట్టుకు మళ్లాయి. బారెట్‌కు మంట మొదలైంది. సరిగ్గా అప్పుడే గోలీల గొడవ జరిగింది. మాటామాటా పెరిగి కొట్లాట అయింది. కొట్టు మీద దాడికి తెల్లవాళ్లు వస్తున్నారని పుకారు లేచింది. కాపలాకు కొందరు తుపాకులతో కూర్చున్నారు. శనివారం రాత్రి చీకట్లో మామూలు బట్టలతో, ఆయుధాలతో కొందరు వెనక నుంచి వచ్చారు. లోపలి నుంచి కాల్పులు జరిగాయి. వచ్చిన వాళ్లలో ముగ్గురికి గాయాలయ్యాయి. తీరా చూస్తే వాళ్లు షెరీఫ్ మనుషులు.

మర్నాడు పత్రికలు ఆ కొట్టును రౌడీల అడ్డాగా చిత్రీకరించాయి. నల్లజాతి మగవాళ్లను పదుల సంఖ్యలో అరెస్టు చేశారు. గాయపడిన వాళ్లెవరూ చావరని తేలింది. అంటే ఉరిశిక్ష పడే అవకాశం లేదు. మార్చి 9 తెల్లవారుజామున ముసుగులు వేసుకున్న గుంపు జైల్లోకి చొరబడింది. మాస్, మెక్‌డోవెల్, స్టీవర్ట్.. ముగ్గురినీ ఊరి బయట రైల్వే యార్డుకు లాక్కెళ్లి కాల్చి చంపింది. ఇక్కడ మనకు న్యాయం లేదని, పడమటి రాష్ట్రాలకు వెళ్లిపొమ్మని తనవాళ్లకు చెప్పాలంటూ మాస్ ఆఖరి క్షణాల్లో కోరాడని పత్రికలే రాశాయి. హత్య జరిగిన చోట ఎవరో ఉంటే తప్ప ఆ వివరాలు రావు. కానీ ఒక్కరి మీద కూడా కేసు లేదు.

ఐడా అప్పుడు వేరే ఊళ్లో ఉన్నారు. ఆమె తిరిగొచ్చేసరికి అంత్యక్రియలు కూడా అయిపోయాయి.

ఊరు ఖాళీ.. ట్రాములు ఖాళీ

స్నేహితుడి ఆఖరి మాటనే ఆమె పత్రికలో పిలుపుగా మార్చారు. ప్రాణానికి విలువ లేని ఊళ్లో ఉండొద్దన్నారు. వేలమంది మూటాముల్లె సర్దుకుని కదిలారు. చాలామంది ఓక్లహోమా దారి పట్టారు. అక్కడ బతకలేక చస్తారని తెల్లవాళ్ల పత్రికలు భయపెడితే, ఐడా స్వయంగా ఓక్లహోమా వెళ్లి చూసి ఉన్నదున్నట్టు రాశారు.

ఊళ్లో మిగిలిన వాళ్లు ట్రాములు ఎక్కడం మానేశారు. ఆరు వారాలకు కంపెనీ వాళ్లు ఐడా ఆఫీసుకు పరుగెత్తుకొచ్చారు. మీ వాళ్లు కరెంటు బండి అంటే భయపడుతున్నారా అని అడిగారట! భయం కరెంటుకు కాదని, ముగ్గుర్ని చంపితే ఒక్క హంతకుడినీ పట్టుకోలేదని ఆమె మొహం మీదే చెప్పారు. అంతేకాదు, ఆ సంభాషణను పత్రికలో అచ్చేశారు. ఆత్మరక్షణకు ఓ పిస్టల్ కూడా కొనుక్కున్నారు.

నోట్‌బుక్కులో తేలిన నిజం

అప్పట్లో అమెరికాలో, ముఖ్యంగా దక్షిణాది రాష్ట్రాల్లో లించింగ్ అంటే మామూలైపోయింది. విచారణ లేకుండా గుంపు కట్టి మనిషిని చంపేయడమే లించింగ్. ఎందుకు చంపారంటే ఒకటే జవాబు.. తెల్లజాతి స్త్రీపై అత్యాచారం చేశాడు కాబట్టి. ఐడా కూడా కొంతవరకు అదే నిజమనుకునేవారు. కానీ మాస్ గురించి ఆమెకు తెలుసు. ఆయన చేసిన తప్పల్లా పోటీ కొట్టు పెట్టడమే. మరి మిగతా వాళ్ల సంగతేంటి?

ఆమె ఒక్కో కేసూ తిరగేశారు. కొన్నిచోట్లకు స్వయంగా వెళ్లారు. సాక్షులతో మాట్లాడారు. అంతకుముందు ఎనిమిదేళ్లలో 728 మంది నల్లజాతి వాళ్లను గుంపులు చంపితే, వాళ్లలో మూడోవంతు మంది మీదే అత్యాచారం ఆరోపణ ఉంది. అదీ రుజువైన నేరం కాదు, ఆరోపణే. మిగతా వాళ్లది దొంగతనమనో, గొడవనో, పొగరుగా మాట్లాడారనో. కొన్ని కేసుల్లో ఇద్దరూ ఇష్టపడి కలిసుంటే, బయటపడ్డాక దానికి అత్యాచారమని పేరు పెట్టారు.

1892 మే నెలలో ఈ నిజాన్ని సంపాదకీయంలో రాశారు. మెంఫిస్ భగ్గుమంది. రాసింది మగవాడనుకుని ఓ పత్రిక ఘోరమైన బెదిరింపులు అచ్చేసింది. గుంపు ఫ్రీ స్పీచ్ ఆఫీసు మీద పడి మొత్తం ధ్వంసం చేసింది. అదృష్టవశాత్తూ ఐడా అప్పుడు ఊళ్లో లేరు, న్యూయార్క్ ప్రయాణంలో ఉన్నారు. తిరిగొస్తే చంపేస్తామన్న హెచ్చరికలు అక్కడికి చేరాయి. ప్రెస్సు పోయింది. ఇల్లు పోయింది. సొంతూరు పోయింది. మిగిలింది ఆ నోట్‌బుక్కే.

న్యూయార్క్ ఏజ్ పత్రికలో పేర్లు, తేదీలు, ఊళ్లతో సహా అంతా బయటపెట్టారు. న్యూయార్క్, బ్రూక్లిన్‌లోని నల్లజాతి మహిళలు సభ పెట్టి 500 డాలర్లు పోగుచేసి ఇస్తే, ఆ డబ్బుతో సదరన్ హారర్స్ అనే చిన్న పుస్తకం వేశారు. 1895లో ఎ రెడ్ రికార్డ్ వచ్చింది. ఇందులో ఐడా తెలివి చూడాలి. నల్లవాళ్లు చెప్పిన అంకెలైతే ఎవరూ నమ్మరని, తెల్లవాళ్ల పత్రికైన షికాగో ట్రిబ్యూన్ ఏటా వేసే జాబితానే తీసుకున్నారు. ఒక్క 1892లోనే 241 మందిని చంపారు. వాళ్లలో 160 మంది నల్లజాతి వాళ్లు. ఎవరి లెక్క వాళ్లకే అప్పజెప్పారు. అబద్ధమని కొట్టేయడానికి దారే లేకుండా చేశారు.

కులం మాట అక్కడికీ వెళ్లింది

అమెరికా పెద్ద పత్రికలు ఆమెను పట్టించుకోలేదు. దాంతో 1893లో ఒకసారి, 1894లో మరోసారి బ్రిటన్ వెళ్లి ఊరూరా సభల్లో మాట్లాడారు. ఆమెను పిలిచిన వారిలో ఒకరు క్యాథరిన్ ఇంపీ. 1888 నుంచి ఓ పత్రిక నడుపుతున్నారు. దాని పేరేంటో తెలుసా? యాంటీ కాస్ట్. అంటే కులానికి వ్యతిరేకం అని. పుట్టుకను బట్టి మనిషిని కింద పడేసే పద్ధతి ఎక్కడున్నా ఒకటేనంటూ, మనకు బాగా తెలిసిన కులం అనే మాటనే అమెరికాలోని రంగు వివక్షకూ వాడారు.

బ్రిటన్ సభలు బాగా పనిచేశాయి. లండన్‌లో లించింగ్ వ్యతిరేక కమిటీ ఏర్పడింది. దక్షిణాది పత్తిని కొనేది బ్రిటన్ మిల్లులే కాబట్టి అక్కడి మాటకు అమెరికాలో విలువ ఎక్కువ. ఇంట్లో వినని వాళ్లు బయటి నుంచి వచ్చేసరికి ఉలిక్కిపడ్డారు.

కొడుకు లేపాడు.. అమ్మ కదిలింది

1895లో షికాగో లాయర్, పత్రికాధిపతి ఫెర్డినాండ్ బార్నెట్‌ను పెళ్లి చేసుకున్నారు. తన ఇంటిపేరు వదల్లేదు. వెల్స్-బార్నెట్ అని రెండూ కలిపి రాసుకున్నారు. నలుగురు పిల్లలు పుట్టారు. చంటిబిడ్డను చంకనెత్తుకుని సభలకు వెళ్లిన రోజులున్నాయి.

1909లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని కైరో ఊళ్లో విల్ జేమ్స్ అనే నల్లజాతి వ్యక్తిని గుంపు చంపేసింది. ఖైదీని కాపాడలేకపోతే షెరీఫ్ పదవి పోతుందని అక్కడ చట్టం ఉంది. పదవి పోయిన షెరీఫ్ మళ్లీ ఉద్యోగం కావాలని గవర్నర్‌ను అడిగాడు. అడ్డుకోవడానికి కైరో వెళ్లమని భర్త చెబితే, ప్రతిసారీ నేనేనా అని ఐడా విసిగిపోయి పడుకున్నారు. అప్పుడు పెద్దకొడుకు చార్లెస్ వచ్చి లేపాడు. నువ్వు వెళ్లకపోతే ఇంకెవరు వెళ్తారన్న అర్థంలో అడిగాడు. మర్నాడే ఆమె రైలెక్కారు. కైరోలో సంతకాలు సేకరించి, గవర్నర్ ముందు లాయర్ల మధ్య ఒంటరిగా వాదించారు. షెరీఫ్‌కు ఉద్యోగం తిరిగి రాలేదు.

అదే ఏడాది జాతి సమానత్వం కోసం ఎన్ఏఏసీపీ అనే పెద్ద సంస్థ పురుడు పోసుకుంది. పునాది వేసిన వాళ్లలో ఐడా ఒకరు. అయినా మొదటి కమిటీ జాబితా చదివినప్పుడు ఆమె పేరు లేదు. తర్వాత చేర్చారు గానీ ఆ గాయం మానలేదు. 1913లో వాషింగ్టన్‌లో మహిళల ఓటుహక్కు ఊరేగింపు జరిగింది. నల్లజాతి స్త్రీలు చివర నడవాలన్నారు. ఐడా ఒప్పుకోలేదు. పక్కన జనంలో నిలబడి, ఇల్లినాయ్ బృందం రాగానే నేరుగా వాళ్ల మధ్యలోకి వెళ్లి నడిచారు.

కుర్రాళ్ల కోసం ఒక గది

దక్షిణాది నుంచి షికాగోకు నల్లజాతి యువకులు పని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. వాళ్లకు హాస్టళ్లలో, క్లబ్బుల్లో చోటు లేదు. తెల్లవాళ్ల వైఎంసీఏ రానిచ్చేది కాదు. స్టేట్ స్ట్రీట్‌లో వాళ్లకు తెరిచి ఉన్న తలుపులు సారా దుకాణాలు, పేకాట అడ్డాలు మాత్రమే. అక్కడి నుంచి జైలుకు ఎంతో దూరం లేదు. కుర్రాళ్లు చెడిపోతున్నారని అందరూ తిట్టేవాళ్లే. వాళ్లు వెళ్లడానికి ఇంకో చోటు ఉందా అని అడిగింది ఐడా.

1910లో ఆ వీధిలోనే నీగ్రో ఫెలోషిప్ లీగ్ పేరుతో ఓ కేంద్రం తెరిచారు. చదువుకోవడానికి పత్రికలు, పుస్తకాలు. పడుకోవడానికి మంచాలు. ఉద్యోగాలు వెతికిపెట్టే ఏర్పాటు. జైల్లో పడిన వాళ్లకు లాయర్ సాయం. దీనికి బీజం ఆమె కుర్రాళ్లకు నడిపిన ఆదివారం బైబిల్ క్లాసు. 1908లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నల్లజాతి వాళ్ల మీద దాడులు జరిగినప్పుడు, మనం ఏం చేయగలమని ఆ కుర్రాళ్లతో మొదలైన చర్చ ఇక్కడిదాకా వచ్చింది. విరాళాలు ఆగిపోయాక ఐడా ప్రొబేషన్ ఆఫీసర్‌గా పనిచేసి, ఆ జీతంతో కేంద్రాన్ని నడిపారు. డబ్బుల్లేక 1920లో అది మూతపడింది.

చావు గురించి కాదు.. బతుకు గురించి

1919లో ఆర్కాన్సాలోని ఎలైన్ ప్రాంతంలో పత్తి కౌలుదారులు గిట్టుబాటు ధర కోసం సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మీద దాడి జరిగింది. ఎంతోమంది నల్లజాతి వాళ్లు చనిపోయారు. శిక్ష మాత్రం బాధితులకే పడింది. 12 మందికి మరణశిక్ష వేశారు. జైలు నుంచి ఒక ఖైదీ ఐడాకు ఉత్తరం రాశాడు.

మెంఫిస్ వదిలాక దాదాపు 30 ఏళ్లుగా ఆమె దక్షిణాదిలో అడుగుపెట్టలేదు. అప్పటికి వయసు 57. ఖైదీల భార్యలు, తల్లులతో కలిసి, బంధువునని చెప్పి జైల్లోకి వెళ్లారు. గార్డులకు అనుమానమే రాలేదు. వాళ్లు పాటలు పాడారు, ప్రార్థనలు చేశారు. అన్నీ చావు గురించి, పరలోకం గురించే. ఐడా వాళ్లను ఆపారు. చావును క్షమించే మాటలు ఇక చాలని, బతికి బయటికొస్తామని నమ్మి ప్రార్థించమని చెప్పారు. బయటికొచ్చి వాళ్ల నోటి నుంచి విన్నదంతా పుస్తకంగా వేశారు. ఎన్ఏఏసీపీ, లాయర్లు కోర్టుల్లో పోరాడారు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఖైదీల వైపు తీర్పు చెప్పింది. చివరికి 12 మందీ ప్రాణాలతో విడుదలయ్యారు.

ఆగిపోయిన వాక్యం

ఒకసారి ఓ అమ్మాయి ఐడాను జోన్ ఆఫ్ ఆర్క్‌తో పోల్చింది. ఎందుకని అడిగితే ఆమె చేసిన పనేంటో ఆ అమ్మాయికి తెలియదు. తమ జాతి పోరాటం కొత్త తరానికి చేరడం లేదని ఐడాకు అప్పుడే అర్థమైంది. ఆత్మకథ రాయడం మొదలుపెట్టారు. 1931 మార్చి 25న షికాగోలో కిడ్నీ వ్యాధితో 68 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆత్మకథ ఓ వాక్యం మధ్యలోనే ఆగిపోయింది. కూతురు ఆల్‌ఫ్రెడా ఎన్నో ఏళ్లు ప్రయత్నిస్తే 1970లో గానీ అది పుస్తకంగా రాలేదు.

ఇక చట్టం సంగతికొస్తే.. లించింగ్‌ను ఫెడరల్ నేరంగా మార్చాలని ఐడా జీవితమంతా అడిగారు. అధ్యక్షుడు మెకిన్లీని 1898లో స్వయంగా కలిశారు. బిల్లులు వచ్చాయి, పోయాయి. ఆమె చనిపోయిన 24 ఏళ్లకు, 1955లో, షికాగో నుంచి మిసిసిపిలోని బంధువుల ఇంటికి వెళ్లిన 14 ఏళ్ల ఎమ్మెట్ టిల్‌ను దారుణంగా చంపేశారు. ఓ తెల్లజాతి స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడన్నది ఆరోపణ. ఐడా 1892లో బయటపెట్టిన అదే సాకు. హంతకులను కోర్టు వదిలేసింది.

2020లో పులిట్జర్ బోర్డు ఐడాకు ప్రత్యేక గుర్తింపు ఇచ్చింది. 2022 మార్చి 29న ఎమ్మెట్ టిల్ పేరుతో లించింగ్ నిరోధక చట్టంపై అమెరికా అధ్యక్షుడు సంతకం చేశారు. ఆ సమయంలో వైట్‌హౌస్‌లో ఐడా మునిమనవరాలు మిషెల్ డస్టర్ కూడా ఉన్నారు. గోలీల గొడవతో ముగ్గురి ప్రాణాలు పోయి అప్పటికి సరిగ్గా 130 ఏళ్లు.